ఇంటి డేటాకు లస్కరు ఎవరు?

సాగర్ కుడి కాలువ కింద సేద్యం చేసే రైతుకు వంతు అంటే ఏమిటో ఒకరు విడమరచి చెప్పనక్కరలేదు. మేజరుకు నీరు వదిలిన నాడు ఎగువ వారు తూములు ఎత్తి, అది చాలక గట్టుకు గండి కొట్టి పారించుకుంటే చివరి భూములకు చుక్క చేరదు. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలిన నాటి నుండి పల్నాటి పల్లెలలో చివరి భూముల గోడు వినిపిస్తూనే వున్నది. తూము తలుపు ఎత్తి దించే లస్కరు గట్టివాడైతే ఆ ఏడు అందరి పైరూ తడుస్తుంది. లస్కరు లేని కాలువ మీద బలవంతుడిదే నీరు.

ఇప్పుడు ఆ తగువు కాలువ గట్టు దిగి ఇళ్లలోకి వచ్చి కూర్చున్నది. ఈసారి పారుతున్నది నీరు కాదు, సెల్‌ఫోనులోని డేటా.

దీపాలు పెట్టే వేళకు చాలా ఇళ్లలో ఒకటే భాగోతం. ఇంటరు చదివే అమ్మాయి పాఠం చూద్దామని ఇంట్లో వున్న ఫోను అందుకుంటుంది. తెర మీద సున్నా గిర్రున తిరుగుతూ వుంటుంది గాని పాఠం రాదు. "మొన్ననే గదా రీఛార్జి చేయించింది, అప్పుడే ఏమైపోయింది?" అని తండ్రి గద్దిస్తాడు. "ఉన్నదంతా నీ కొడుకు ఆటలకే చాలదు" అని తల్లి అంటుంది. "నేనేం చూడలా, నాయనే పొద్దస్తమానం వీడియోలు చూస్తుండాడు" అని కొడుకు తిరగబడతాడు. మాటా మాటా పెరుగుతుంది. అసలు ఆ రోజు డేటా ఎవరు తాగారో ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. తెలుసుకునే వీలు ఆ ఫోనులోనే వున్నదన్న సంగతి అంతకన్నా తెలియదు.

డబ్బు పోసి కొన్న సరుకు

బియ్యం బస్తా ఇంటికి వస్తే పూటకు ఎన్ని సోలలు పోయాలో ఇల్లాలు లెక్క చూసుకుంటుంది. గ్యాసు బండ మార్చిన తేదీ గోడ మీది క్యాలెండరులో రాసి పెట్టుకుంటుంది. మోటారు ఎన్ని గంటలు ఆడిందో రైతు వేళ్ల మీద చెబుతాడు. అదే డబ్బు పోసి కొన్న డేటాకు మాత్రం ఏ ఇంట్లోనూ లెక్క లేదు. కంటికి కనిపించని సరుకు కావడమే ఇందుకు కారణం.

ఒకప్పుడు నెల మొత్తానికి ఒక జీబీ వేయించుకోవడమే గొప్పగా వుండేది. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలైన తరువాత పోటీ పెరిగి ధరలు నేలకు దిగినవి. నెలకు ఒక జీబీ అన్న లెక్క పోయి రోజుకు ఒక జీబీ, ఒకటిన్నర జీబీ అన్న లెక్క వచ్చినది. చవకగా దొరికిన దానిని జనం అలవాటు చేసుకున్నారు. అలవాటు పడిన తరువాత ధరలు మళ్లీ పైకి లేచినవి. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు మూడూ ఒకదాని వెంట ఒకటి రేట్లు పెంచిన సంగతి కూలి డబ్బులతో రీఛార్జి చేయించుకునే వారికి బాగా గుర్తు.

ఇందులో మరో మెలిక వున్నది. చాలా ప్లాన్లు 28 రోజులకు ముగుస్తాయి. ఏడాదికి నెలలు 12 అయితే రీఛార్జీలు 13. ఇంట్లో మూడు ఫోన్లుంటే ఏడాదికి 39 సార్లు దుకాణం మెట్టు ఎక్కాలి. 30 రోజుల ప్లాను ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ప్లాను ఒకటి తప్పక వుంచాలని నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో కంపెనీలను ఆదేశించినది. దుకాణంలో అడిగే వారు లేక ఆ ప్లాన్ల ఊసే పల్లెలలో వినిపించడం లేదు.

రోజువారీ కోటా సంగతి కూడా తెలుసుకోదగినది. ఎక్కువ ప్లాన్లలో ఆ రోజు డేటా అర్ధరాత్రితో సరి. మిగిలినది మర్నాటికి రాదు, సముద్రంలో కలిసిన నీటితో సమానం. చాలకపోతే మాత్రం అదనపు ప్యాకు వేరే డబ్బు పెట్టి కొనుక్కోవలసిందే. మిగిలితే కంపెనీ వాడిది, తగ్గితే జేబులోది.

వినోదం మాట ఒక్కటే కాదు

"సినిమా పాటలకూ, ఆటలకూ వాడే దానికి ఇంత రాద్ధాంతమెందుకు?" అని కొందరు పెద్దలు కొట్టిపారేస్తున్నారు. పదేళ్ల క్రితమైతే ఆ మాట చెల్లేది. ఇప్పుడు కాలం మారినది.

2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం "మన మిత్ర" పేరుతో వాట్సాప్ ద్వారా సేవలు ప్రారంభించినది. ధృవపత్రాలకూ, బిల్లులకూ, అర్జీలకూ ఆఫీసుల చుట్టూ తిరగనక్కర లేకుండా ఫోనులోనే పని జరగాలన్నది దాని ఉద్దేశం. మంచిదే. కాని ఆఫీసు ఫోనులోకి వచ్చినప్పుడు ఆ ఆఫీసు గడప డేటాయే అవుతుంది. సాయంత్రానికి డేటా నిండుకున్న ఇంటికి ఆ గడప మూసుకుపోయినట్లే.

భూమి అడంగలు, ఒన్ బీ చూసుకోవాలన్నా ఫోనే. గుంటూరు మిర్చి యార్డులో ఆ రోజు తేజ రకం ఏ ధర పలికిందో తెలియాలన్నా ఫోనే. పొలంలో వుండగా మబ్బు పట్టి ఉరుములు మొదలైతే పిడుగు ఎటు పడే ప్రమాదం వున్నదో హెచ్చరించే "దామిని" యాప్ వున్నది, దానికీ డేటా కావాలి. ఉపాధి హామీ పనుల దగ్గర 2023 జనవరి 1 నుండి ఫోనులో ఫోటో తీసి హాజరు ఎక్కించడం తప్పనిసరి చేశారు. సిగ్నలో డేటానో లేక ఫోటో ఎక్కకపోతే చేసిన పనికి లెక్క లేక కూలీలు ఎంత అవస్థ పడవలసి వచ్చిందో ఆ పనులకు పోయిన వారిని అడిగితే చెబుతారు.

2020లో కరోనా వచ్చి బడులు మూతపడినప్పుడు పాఠాలన్నీ ఫోనులోకి వచ్చినవి. ఫోను లేని పిల్లలు, ఫోనుండీ డేటా లేని పిల్లలు వెనకబడ్డారు. బడులు తెరిచినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు. ట్యూషను పెట్టించుకోలేని ఇంటి బిడ్డకు ఫోనులోని పాఠమే మాస్టారు. కనుక డేటాను గురించిన తగువును చిన్న విషయంగా తీసివేయడానికి వీలు లేదు.

అసలు దొంగ ఎవరు?

డేటా అయిపోగానే నింద పిల్లల మీద పడుతున్నది. పిల్లలు వాడడం లేదని కాదు. కాని చాలా ఇళ్లలో కొంత డేటా ఎవరూ వాడకుండానే పోతున్నదంటే నమ్మడం కష్టం. ఫోను జేబులో వున్నా, చార్జింగుకు పెట్టి వున్నా తనంతట తాను తాగుతూనే వుంటుంది.

వాట్సాప్ సంగతే తీసుకుందాం. ఊరి గ్రూపు, కులం గ్రూపు, పార్టీ గ్రూపు, బంధువుల గ్రూపు, పదో తరగతి చదివిన వారి గ్రూపు. తెల్లవారకముందే శుభోదయాల బొమ్మలు, ఆపైన ఉపన్యాసాల వీడియోలు. ఒకే వీడియో అయిదు గ్రూపులలో అయిదుసార్లు వస్తుంది. ఫోను వీటిని తెరిచి చూడకముందే తనంతట తాను దించుకునేలా పెట్టి వుంటే లెక్క ఇలా వుంటుంది. ఒక్కొక్కటి 16 ఎంబీ చొప్పున 64 వీడియోలు దిగితే సరిగ్గా ఒక జీబీ. చూసినవి నాలుగు కావచ్చు, డబ్బు మాత్రం 64కూ కట్టినట్లే.

వీడియోలు చూసే యాప్‌లలో ఒకటి పూర్తి కాగానే ఇంకొకటి దానంతట అదే మొదలవుతుంది. తాత చేతిలో ఫోను పట్టుకుని కునుకు తీస్తే, ఆయన నిద్రపోయినంతసేపూ డేటా నడుస్తూనే వుంటుంది. బొమ్మ ఎంత స్పష్టంగా వుంటే అంత ఖర్చు. మామూలు స్పష్టతతో గంట వీడియోకు సుమారు అర జీబీ లోపు సరిపోతుంది. అదే వీడియోను అత్యంత స్పష్టంగా చూస్తే గంటకు ఒకటిన్నర జీబీ దాటవచ్చు. అరచేతి వెడల్పు తెర మీద ఈ రెండింటికీ తేడా చత్వారం వచ్చిన కంటికి ఏ పాటి కనిపిస్తుంది?

ఇక తెర వెనుక జరిగే తంతు వేరు. యాప్‌లు తమను తాము కొత్తవిగా మార్చుకుంటాయి. తీసిన ప్రతి ఫోటోనూ ఫోను ఎక్కడో దూరాన దాచి పెడుతుంది. వీటిని మొబైల్ డేటా మీద చేయవద్దని చెప్పకపోతే పెళ్లిలో తీసిన రెండు వందల ఫోటోలు మర్నాటి డేటాను మింగి కూర్చుంటాయి. ఇదంతా గట్టుకు ఎలుక బొక్క వంటిది. నీరు పోతున్నది కనిపించదు, తెల్లారేసరికి మడి ఎండి వుంటుంది.

కోటా అయిన తరువాత

కోటా ముగియగానే చాలా ప్లాన్లలో డేటా పూర్తిగా ఆగిపోదు. వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. రెండు ఎంబీల హాల్ టికెట్ కాగితం దించుకోవాలంటే, మధ్యలో తెగకుండా వస్తేనే, నాలుగు నిమిషాలకు పైగా పడుతుంది. వీడియో పాఠం ముచ్చటే లేదు. వాట్సాప్‌లో నాలుగు ముక్కలు టైపు చేసి పంపడానికి మాత్రం ఆ వేగం పనికి వస్తుంది. ఇది తెలియని వారు ఫోను పాడైందనుకుని రిపేరు షాపుకు పరుగెత్తుతున్నారు. కొందరు సిమ్ము తీసి తుడిచి మళ్లీ వేస్తున్నారు. రోగం ఒకటైతే మందు మరొకటి.

వైఫై వున్నదన్న ధీమా

కాస్త కలిగిన వారు ఇంటికి వైఫై పెట్టించుకుంటున్నారు. రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. ఆ తరువాత కేబుల్ వారి ద్వారా, ఇతర కంపెనీల ద్వారా పల్లెలకూ తీగలు చేరినవి. వైఫై వున్న ఇంట్లో డేటా బెడద తీరినట్లేనని అందరూ అనుకుంటారు. అక్కడా ఒక మోసం వున్నది.

ఫోనులో వైఫై గుర్తు నిండుగా కనిపించినంత మాత్రాన నెట్టు వున్నట్లు కాదు. ఆ గుర్తు గోడకున్న డబ్బాకూ ఫోనుకూ మధ్య సంబంధం బాగున్నదని మాత్రమే చెబుతుంది. వీధిలో తీగ తెగితే డబ్బా వెలుగుతూనే వుంటుంది, నెట్టు వుండదు. తూము నిండా నీరు కనిపిస్తుంది, ఎగువన కాలువ మాత్రం కట్టేసి వుంటుంది. ఇటువంటప్పుడు, లేదా డబ్బాకు దూరంగా పశువుల కొట్టం దగ్గరకు పోయినప్పుడు, చాలా ఫోన్లు యజమానిని అడగకుండానే వైఫై వదిలి మొబైల్ డేటాకు మారిపోతాయి. వైఫై మీదనే సినిమా చూస్తున్నామనుకున్న మనిషికి అరగంటలో కోటా అయిపోయిందని మెసేజి వస్తుంది. అలా మారవద్దని చెప్పే మీట వైఫై సెట్టింగులలోనే వున్నది. అంతకన్నా సులువు, ఇంట్లో వైఫై మీద సినిమా మొదలు పెట్టేముందు మొబైల్ డేటా మీటను ఆపివేయడం.

5జీ విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతున్నది. 2022 అక్టోబరు 1న దేశంలో 5జీ ప్రారంభమైనది. కొన్ని ప్లాన్లలో 5జీకి లెక్క లేదని ఇస్తున్నారు. బస్తీలో ఆ మాట నిజమే. అదే మనిషి బస్సెక్కి పల్లెకు రాగానే 5జీ పోయి 4జీ వస్తుంది. అప్పటి నుండి పారేదంతా రోజు కోటాలోనిదే. బస్తీ అలవాటు పల్లెకు తెచ్చుకుంటే కోటా మధ్యాహ్నానికే ఖాళీ.

ఇక పక్కవారికి హాట్‌స్పాట్ ఇవ్వడం పల్లెలలో మర్యాద కింద జమ. మర్యాద మంచిదే. కాని తీసుకున్న ఫోను దానిని చాలాసార్లు మామూలు వైఫైగా భావించి, వాయిదా వేసుకున్న పనులన్నీ అప్పుడే మొదలు పెడుతుంది. అడిగింది ఒక్క ఫోటో పంపడానికి, పోయింది అర జీబీ. హాట్‌స్పాట్ కలుపుకున్న వారు తమ ఫోనులో అది లెక్కగట్టే కనెక్షను అని గుర్తు పెట్టుకునే వీలున్నది. ఇచ్చిన వారు పని కాగానే ఆపివేయడం, పాస్‌వర్డు లేకుండా తెరిచి పెట్టకపోవడం క్షేమం. ఆ కనెక్షను మీద పక్కవాడు ఏ తప్పు పని చేసినా ముందుగా ప్రశ్న వచ్చేది సిమ్ము సొంతదారుకే.

తాళం పట్టడం కష్టం కాదు

ఇదంతా ఇంజనీర్లు చేయవలసిన పని కాదు. పదో తరగతి చదివిన ఎవరైనా పావుగంటలో చేయగలరు. ఫోను భాషను తెలుగుకు మార్చుకునే వీలు కూడా వున్నది.

మొదట తెలుసుకోవలసింది ఏ యాప్ ఎంత తాగుతున్నదని. సెట్టింగులలో నెట్‌వర్కు లేదా కనెక్షన్లు అన్న చోట "డేటా వాడకం" అని వుంటుంది. అక్కడ యాప్‌ల పేర్లు ఎక్కువ తాగినవి పైన, తక్కువ తాగినవి కింద వరుసగా కనిపిస్తాయి. ఇంట్లో తగువు పడే ముందు ఆ జాబితా ఒక్కసారి చూస్తే నింద ఎవరి మీద వేయాలో తేలిపోతుంది.

రెండవది వాట్సాప్. దాని సెట్టింగులలో "స్టోరేజ్ అండ్ డేటా" తెరిచి, మొబైల్ డేటా మీద వున్నప్పుడు ఫోటోలు, ఆడియోలు, వీడియోలు, డాక్యుమెంట్లు తమంతట తాము దిగకుండా నాలుగు గుర్తులూ తీసివేయాలి. ఆ తరువాత కావలసిన దానిని వేలితో నొక్కితేనే దిగుతుంది. మూడవది ప్లే స్టోర్. యాప్‌లు వైఫై మీద మాత్రమే కొత్తవి అయ్యేలా పెట్టాలి. ఫోటోలు దాచే యాప్‌కు కూడా అదే ఆంక్ష. నాలుగవది యూట్యూబ్. మొబైల్ డేటా మీద తక్కువ స్పష్టతనే ఎంచుకుని, ఒకదాని వెంట ఒకటి నడిచే మీట ఆపాలి. అయిదవది "డేటా సేవర్". దీనిని వేస్తే తెర మీద లేని యాప్‌లు చాటుగా డేటా వాడడం చాలావరకు ఆగుతుంది. బ్యాంకుదో వాట్సాపో తప్పనిసరి అయితే వాటికి మాత్రం మినహాయింపు ఇచ్చుకోవచ్చు. ఆరవది హద్దు. ఇంత దాటితే హెచ్చరించు, ఇంత దాటితే ఆపివేయి అని ఫోనుకు ముందుగానే చెప్పి వుంచవచ్చు.

వైఫై దొరికిన చోట కాలువ వున్న నాడు చెరువు నింపుకున్నట్లు నింపుకోవాలి. రైల్వే స్టేషన్లలో రైల్‌టెల్ వారి వైఫై మొదటి 30 నిమిషాలు ఉచితం. కేంద్రం వారి "దీక్ష" యాప్‌లో పాఠాలు దించుకుంటే తరువాత డేటా లేకుండానే చూడవచ్చు. బంధువుల ఇంటికి పోయిన ఆదివారం వారం రోజుల పాఠాలు దించుకుని వచ్చే పిల్లలు తెలివైనవారు. అయితే ఊరూ పేరూ తెలియని, పాస్‌వర్డు లేని వైఫై మీద బ్యాంకు పనులు పెట్టుకోరాదు. డబ్బు పని సొంత డేటా మీదనే చేసుకోవాలి.

ఆపి వుంచడమే పొదుపు కాదు

ఇందుకు భిన్నంగా కొందరు పెద్దలు డేటా మీటను రోజంతా ఆపి వుంచుతున్నారు. దుబారా ఎంత తప్పో ఇదీ అంతే తప్పు. ఎరువుల దుకాణానికి యూరియా వచ్చిందన్న కబురు, బడిలో మీటింగు వున్నదన్న కబురు వాట్సాప్‌లోనే తిరుగుతున్న రోజులివి. 2025 ఖరీఫ్‌లో యూరియా కోసం బారులు తీరిన రైతులకు కబురు ముందు అందడం విలువ ఏమిటో తెలుసు. తూము కట్టేసి మడి ఎండబెట్టుకోవడం పొదుపు అనిపించుకోదు.

మరోవైపు డేటాతో అసలు పని లేని వారూ వున్నారు. బటన్ల ఫోను వాడే అవ్వకు, మాట్లాడడం తప్ప మరేమీ చేయని తాతకు రోజుకు ఒకటిన్నర జీబీ ఎందుకు? డేటా లేకుండా మాటలు, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే వున్న రీఛార్జీలు ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చినది. 2025 జనవరిలో కంపెనీలు వాటిని ప్రవేశపెట్టినవి. పింఛను డబ్బుతో బతికే వారు దుకాణంలో ఈ మాట గట్టిగా అడగవలసి వున్నది. అడగని వారికి దుకాణదారు చూపేది ఎక్కువ ధర ప్లానే.

డేటా అయిపోయిన పూట చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు. ఓటీపీ ఎస్సెమ్మెస్‌గా వస్తుంది గనుక దానికి డేటా అవసరం లేదు. బ్యాంకులో ఇచ్చిన నెంబరు నుండి *99# కొడితే డేటా లేకుండానే నిల్వ చూసుకోవచ్చు, పరిమితికి లోబడి డబ్బు పంపవచ్చు. తెలుగులో కూడా ఈ సేవ వున్నది. ఆస్పత్రి దగ్గరో, విత్తనాల కొట్టు దగ్గరో నెట్టు పోయినప్పుడు ఇది ఆదుకుంటుంది.

ఇంట్లో చివరి భూములు

అసలు విషయం ఇక్కడ వున్నది. మీటలు ఎన్ని తిప్పినా ఇంట్లో వంతు లేకపోతే న్యాయం జరగదు.

పల్లె ఇళ్లలో ఫోను ముందు ఎవరి చేతికి పోతున్నది? పొద్దున్నే మగవారి చేతికి. పెద్దాయన రచ్చబండ దగ్గర వార్తలు, ఉపన్యాసాలు చూస్తాడు. కుర్రవాడు ఆటలు ఆడతాడు. ఇల్లాలు పొలం నుండి వచ్చి, గొడ్లకు మేత వేసి, వంట ముగించి, అంట్లు తోమి ఫోను ముట్టుకునే సరికి రాత్రి తొమ్మిది. ఆడపిల్ల ఇంటి పనిలో తల్లికి సాయపడి పుస్తకం పట్టేది అప్పుడే. ఆ వేళకు కాలువలో నీరు వుండదు. ఇంటి డేటాకు చివరి భూములు ఆడవారే. అమ్మగారింటికి వీడియోలో మాట్లాడుకుందామనుకున్న కోడలికి, పొదుపు సంఘం లెక్క పంపవలసిన తల్లికి, పరీక్షకు చదివే కూతురికి దక్కేది గిర్రున తిరిగే సున్నా.

చివరి భూముల రైతుకు అన్యాయం జరిగిందని కాలువ గట్టు మీద ధర్నాకు కూర్చునే మనిషే తన ఇంట్లో ఎగువ రైతులా ప్రవర్తించడం విడ్డూరం. కూతురి చదువు కోసం ఎకరం అమ్మడానికి వెనుదీయని తండ్రులు ఈ జిల్లాలో ఎందరో వున్నారు. అటువంటి వారికి సాయంత్రం అర జీబీ మిగిల్చి పెట్టడం ఎంత పని?

పిల్లవాడి చేతి నుండి ఫోను లాక్కుని బీరువాలో పెట్టడం పరిష్కారం కాదు. అది రెండు రోజుల ముచ్చట. నలుగురూ కూర్చుని మాట్లాడుకుని వంతు పెట్టుకోవాలి. పొద్దున ఎంత, చీకటి పడిన తరువాత ఎంత అని ఒక మాట అనుకోవాలి. రాత్రి చదువుకు సగమైనా మిగలాలన్నది మొదటి షరతు కావాలి. లెక్క చూసే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించాలి. ఆ లస్కరు పని చదువుకునే అమ్మాయికే ఇస్తే మరీ మంచిది. అవసరం ఎవరిదో వారే తూము కాపలా బాగా కాస్తారు.

ఊరి పెద్దలు చేయవలసింది

అంతా ఇంటి మీదకే నెట్టి ఊరుకోవడం కూడా న్యాయం కాదు. గ్రామ పంచాయతీలన్నింటికీ ఫైబరు తీగ వేయాలన్న పథకానికి కేంద్రం 2011 అక్టోబరులో ఆమోదం తెలిపినది. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు మార్చారు. తీగ వచ్చిన ఊళ్లలో అది ఆఫీసు గదికే పరిమితం కారాదు. సాయంత్రం రెండు గంటలు బడి వరండాలోనో, శాఖా గ్రంథాలయంలోనో చదువుకునే పిల్లలకు ఆ వైఫై అందేలా సర్పంచులు, అధికారులు పూనుకోవలసి వున్నది.

2020 డిసెంబరులో కేంద్రం పీఎం వాణి పథకాన్ని ఆమోదించినది. దాని కింద కిరాణా కొట్టువారు, టీ కొట్టువారు లైసెన్సు గాని ఫీజు గాని లేకుండా చిన్న మొత్తాలకు వైఫై అమ్ముకోవచ్చు. నెలకు సరిపడా రీఛార్జి ఒక్కసారి కట్టలేని కూలి మనిషికి, ఆ పూటకు కావలసినంత కొనుక్కునే ఏర్పాటు ఎంతో మేలు. పల్లెలలో దీనిని గురించి చెప్పేవారే కరువైనారు.

కంపెనీలకు కూడా ఒక మాట చెప్పవలసి వున్నది. డేటా అయిపోవస్తున్నదని పంపే సందేశాలు తరచు ఇంగ్లీషులో వస్తున్నవి. చదవలేని హెచ్చరిక హెచ్చరిక కాదు. తెలుగు ప్రాంతంలో సిమ్ములు అమ్మినప్పుడు తెలుగులో చెప్పడం న్యాయం. కొత్త ఫోనులో అన్ని తూములూ తెరిచి ఇచ్చి, మూయడం కొన్నవాడి ఖర్మకు వదిలివేయడం కూడా మంచి వ్యాపారం అనిపించుకోదు.

బడులలో ఒక్క పీరియడు ఈ పావుగంట విద్యకు కేటాయిస్తే, పిల్లలు ఇంటికి పోయి అమ్మానాన్నల ఫోన్లు సరిచేస్తారు. పొదుపు సంఘాల సమావేశాలలో కూడా ఈ మాట ఎత్తవచ్చు. వడ్డీ లెక్కలు నోటితో కట్టే ఆడవారికి జీబీల లెక్క ఒక లెక్కా?

ప్రభుత్వాలు చేసేటప్పుడు చేస్తాయి, కంపెనీలు దిగివచ్చేటప్పుడు దిగివస్తాయి. అందాకా ఇంటి తూము తాళం ఇంటివారి చేతిలోనే వున్నది. ఈ సాయంత్రం దీపాలు పెట్టే వేళ పాఠం కోసం ఫోను అందుకునే అమ్మాయికి తిరిగే సున్నా కనిపించకూడదనుకుంటే, పొద్దున్నే ఎవరో ఒకరు ఆ తాళం పట్టుకోవాలి.